మా వదిన ఎత్తిన పల్లవి

"దేవునికే మహిమ" అన్న మాట మా వైపు ఉప్పు కన్నా చౌక. ఆటోల వెనక ఉంటుంది, రొయ్యల మేత అమ్మే అంగడి బోర్డు మీద ఉంటుంది, బోర్లు వేసే లారీ నుదుటి మీద ఉంటుంది. పడవ కొన్నా అదే మాట, పెళ్లి కుదిరినా అదే మాట, కోర్టులో దాయాది మీద గెలిచినా అదే మాట. సువార్త సభల ఫ్లెక్సీల మీద అడుగున చీమంత అక్షరాల్లో ఆ మాట ఉండి, పైన ప్రసంగీకుడి ఫొటో మాత్రం సినిమా హీరోకు తీసిపోకుండా ఉంటుంది. నేను ఇలాంటివన్నీ పైకే అనేస్తాను గనక మా బంధువులు కూడికల్లో నన్ను మైకుకు దూరంగా కూర్చోబెడతారు. నెల్లూరులో ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెబుతాను. వాదించడం నాకు వృత్తిధర్మం. పుట్టుకతో క్రైస్తవురాలిని, బైబిలు చదువుతాను, ప్రార్థన చేసుకుంటాను. ఆ ఒక్క మాట మాత్రం అనడం ఎప్పుడో మానేశాను. పదిమంది తొడిగి విడిచిన చొక్కా తెచ్చి దేవుడికి తొడిగినట్టు ఉండేది నాకు.

ఆ మాటకు ఎంత బరువుందో నాకు చూపించింది మా వదిన, మా అన్న భార్య. ఆమె చెప్పి చూపించలేదు. చెప్పడానికి అప్పటికి ఆమెకు గొంతే లేదు.

మైపాడు దాటి ఒడ్డు వెంబడి పోతే సరుగుడు తోపుల వెనక మా పుట్టిన ఊరు. అన్న పడవల ఇంజన్లు బాగు చేస్తాడు. వదిన ఇంటి ముందు అంగడి నడుపుతుంది: సబ్బులు, బీడీలు, అగ్గిపెట్టెలు, వల కుట్టుకునే నైలాన్ దారం. మా మందిరం ఊరి చివర ఇసుక దిబ్బ మీద ఉంది. రేకుల కప్పు, తూర్పుకు తలుపులు. తలుపులు తీస్తే ఎదురుగా సముద్రమే. ఎంత ఊడ్చినా చాపల మీద ఇసుక ఉంటుంది. మోకాళ్లూని ప్రార్థన చేసి లేస్తే చర్మం మీద చాప అల్లికా, ఇసుక రవ్వలూ కలిసి అచ్చు పడతాయి.

ఆ మందిరంలో ఒక పద్ధతి ఉంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, "పాట పాడుకుందాం" అని కళ్లు మూసుకుంటాడు. ఏ పాటో చెప్పడు. సంఘంలో పాట ఎత్తే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి తనకు తోచిన పాట పల్లవిని ఒక్కసారి ఒంటరిగా పాడాలి. అది ముగిసేదాకా ఎవరూ గొంతు కలపకూడదు, కంజిర మోగకూడదు. ముగిసిన తర్వాత అందరూ అదే పల్లవి అందుకోవాలి. పుస్తకం చూసి పాడే చదువు లేని తాతల కాలంలో పుట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, ఫోన్లలో పాటలున్నాయి, ఒక కీబోర్డు కూడా వచ్చింది. పద్ధతి మాత్రం అట్టే నిలిచింది. మా వదిన ఉండగా దాన్ని కదిలించే ధైర్యం ఎవరికుంది? పెళ్లయి ఆ ఊరు వచ్చిన కొత్తలో, అప్పటిదాకా పాట ఎత్తే అవ్వ కన్నుమూస్తే, ఎవరూ నోరు తెరవని ఒక ఆదివారం ఈమె తెరిచింది. అంతే, అప్పటినించి ఆమెదే.

అది తియ్యటి గొంతు కాదు. ఒడ్డున అలివి వల లాగేటప్పుడు జనం రెండు వైపులా తాడు పట్టి వెనక్కి వాలతారు. అప్పటిదాకా నీళ్లలో వదులుగా పడున్న తాడు బిగుసుకుని, చుక్కలు రాలుస్తూ, గాలిలోకి లేస్తుంది. ఆ తాడు లాంటి గొంతు. వినడానికి బాగుందా లేదా అని ఎవరూ ఆలోచించరు. అవతలి కొసన ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది, ఏదో బరువైనది, ప్రాణమున్నది. పైగా ఆమె శృతి మహా ఎత్తు. ఆమె పక్కన కూర్చునే పెద్దామె ఒకావిడ ఉంది, తట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కి నెల్లూరులో చేపలమ్మే మనిషి. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే తగువు పెట్టుకునేది.

"నీ శృతి మండిపోనూ! ఆడికెక్కేలోపల మా ప్రాణాలు పోతుండాయి మే. రవ్వంత దించి ఎత్తితే నీ సొమ్మేం బోయింది?"

"ఆయన పైన ఉండాడు అవ్వా. కింద కింద పాడితే ఎట్ట వినపడేది?"

"ఆయనకేం చెవుడా?"

"నీ పాట వినీ వినీ వచ్చుంటాది."

ఇలా నవ్వుకునేవాళ్లు. కానీ పల్లవి ముగిసి సంఘం అందుకునే ముందు రెప్పపాటు ఖాళీ ఉంటుంది.  దేవుడున్నాడా, ఉంటే ఇన్ని అన్యాయాలేమిటి అని వారమంతా నేను నాతో వేసుకునే వాదనలు ఆ కాసేపు చేతులు కట్టుకుని నిలబడేవి.

తర్వాత ఆ గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, దుమ్మన్నారు. వదిన మిరియాల కషాయం తాగింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, గొంతుకు ప్రార్థన నూనె రాసుకుంది. వర్షాలు పోయి ఎండలు వచ్చినా బొంగురు పోలేదు. నేను సెలవు పెట్టి పోయి, అన్ననూ వదిననూ కలిపి తిట్టి, ఆమెను నెల్లూరు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు చెన్నై పొమ్మన్నాడు. చెన్నై డాక్టరు మర్యాదస్తుడు, అందుకే తిప్పి చెప్పలేదు. స్వరపేటికలో గడ్డ ఉంది, అది మంచి గడ్డ కాదు, స్వరపేటిక మొత్తం తీసేయాలి. తీసేస్తే మనిషి బతుకుతుంది, మాట ఉండదు. మెడ కింద రంధ్రం పెడతారు, ఇక దానితోనే ఊపిరి.

ఊరికి తిరిగొచ్చిన సాయంత్రం ముగ్గురం ఒడ్డున కూర్చున్నాం. లాగిపెట్టిన పడవల నీడలు ఇసుక మీద పొడుగ్గా పడుతున్నాయి. అన్న కాస్త దూరంగా కూర్చుని ఏదో ఇంజను ముక్క గుడ్డతో తుడుస్తున్నాడు.

"నేను చేయించుకోను," అంది వదిన. అప్పటికే గొంతు జల్లెడలో గవ్వలు ఆడించినట్టు ఉంది.

"ఎందుకు చేయించుకోవు?"

"గొంతు తీసేసినాక దేవుణ్ణి దేంతో స్తుతించేది? కాళ్లతోనా?"

"ఆయన్ని స్తుతించడానికి లోకమంతా ఉండాది వదినా. పైన దూతలుండారు. నువ్వొకదానివి ఆపేస్తే పరలోకంలో పాట ఆగిపోతాదా? ఆయనకు నీ గొంతు తప్ప దిక్కు లేదా?"

"ఆయనకు శానా దిక్కులుండాయి మే," అంది. "నాకే వేరే దిక్కు లేదు."

కాలేజీలో ఎన్ని వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారు చేశానో. వాళ్లకు నేర్పిన ఎత్తుల్లో ఒకటి వెతుక్కుంటుంటే వదినే మళ్లీ అంది:

"నీ మాదిరి నేను మాటలు పేర్చలేను. ప్రార్థనకని కండ్లు మూసుకుంటే అంగట్లో ఏ సరుకు అయిపోయిందో గుర్తొస్తాది. పాట ఎత్తినప్పుడే నేను ఆయన ముందర నిలబడినట్టు ఉంటాది. అదీ పోతే నేను యాడ నిలబడేది? గొంతుతోనే పోతాను, పోనీ."

నేను అన్న వైపు చూశాను. ఇంజను ముక్క ఎప్పుడో శుభ్రమైపోయింది. ఆయన ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"నువ్వు ఆయన ముందర నిలబడతావు, సరే," అన్నాను. "నువ్వు పోయినాక ఆ మనిషి ఎవరి ముందర నిలబడాల?"

వదిన అన్న వైపు తిరిగింది. అన్న తలెత్తలేదు. ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుని అంది: "సరే, నీ మాటే వింటా. రేపు దేవుడు నా పాటేదని అడిగితే మాత్రం నిన్ను చూపిస్తా."

"చూపించు. ఆయనతో నేను మాట్లాడుకుంటా."

"నువ్వు మాట్లాడితే ఇంక ఆయన మాట్లాడినట్టే!"

మా వదిన గొంతుతో నేను విన్న ఆఖరి ఎత్తిపొడుపు అదే కావచ్చు. ఆపరేషన్‌కు ముందు వచ్చిన ఆదివారం నేను కావాలనే మందిరానికి పోలేదు. ఆ పాట విని మళ్లీ ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయేంత గట్టి గుండె నాకు లేదు.

ఆపరేషన్ అయ్యాక ఆమెను చూడనిచ్చారు. నేను భయపడుతూనే చూశాను. చూసి, భయం మరిచిపోయాను. మెడ కింది గుంటలో చిన్న గుండ్రటి ద్వారం. అందులోంచి గాలి లోపలికి పోతోంది, బయటికొస్తోంది. ఊపిరి అనే మాట పుట్టినప్పటినుంచీ వింటున్నాను. మట్టిబొమ్మలోకి దేవుడు ఊదాడని ఆదివారం బడిలో నేర్చుకున్నాను, పిల్లలకు నేర్పాను. ఊపిరిని చూడటం మాత్రం అదే మొదలు. నర్సు శుభ్రం చేయడం నేర్పించేటప్పుడు ఆ ద్వారం ఎదుట అరచెయ్యి ఉంచాను. వెచ్చగా, తడిగా, పిట్టంత బలంతో తగిలింది. ఇంతేనా మనిషి అనిపించింది. వెంటనే, ఇంతుందా మనిషిలో అనిపించింది. ఆ పూట నేను ఎవరితోనూ ఏ విషయం మీదా వాదించలేదు. అన్న భయపడి నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు.

ఇంటికొచ్చాక కొత్త బతుకు నేర్చుకోవాల్సి వచ్చింది. ముక్కులోకి గాలి పోదు గనక వాసన పోయింది. చేపల పులుసు అడుగంటుతుంటే పొయ్యి ముందు కూర్చునే ఉండి కూడా తెలుసుకోలేకపోయేది. వేడి కాఫీని ఊదుకోలేదు. స్నానం చేస్తే నీళ్లు మెడలోకి పోకుండా చూసుకోవాలి. రంధ్రానికి అడ్డంగా పల్చటి గుడ్డ కట్టుకునేది. మాట్లాడటానికి ఒక మిషన్ ఇచ్చారు, గడ్డం కింద ఆనించి పెదాలు కదిపితే గరగరమని మాట వస్తుంది. దానితో అంగట్లో బేరాలు చేసింది, అన్నను కేకలేసింది, నన్ను వెక్కిరించింది. మనుషులతో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. నాకూ అన్నకూ ఆమె పెదాలు చూసే చాలావరకు అర్థమయ్యేది.

మందిరానికి మాత్రం పోలేదు. ఆదివారం గంట కొడితే అంగడి తలుపు తీసి కూర్చునేది. మా ఊళ్లో విశ్వాసులు ఆదివారం పూట అంగడి తీయడం అంటే బజార్లో నిలబడి దేవుడితో పోట్లాడటమే. అక్కడ పాటలు అయ్యగారే ఎత్తుతున్నాడు. ఆయన మంచివాడు, ప్రార్థనాపరుడు. ఆయన శృతికి మాత్రం కీబోర్డు వాయించే అతను కూడా తల పట్టుకునేవాడు.

నేను పోయినప్పుడల్లా అడిగేదాన్ని. ఒకసారి మిషన్ పక్కన పెట్టి, పెదాలతోనే చెప్పింది. "నా నోరు ఆయనే మూసినాడు. మూసిన నోరేసుకుని పోయి ఆడ ఏం జేసేది?"

"మిషన్‌తో పాడు."

ఆమె నన్నొక చూపు చూసింది. దేవుడి ముందు ఆ గరగరా? అది బజారు గొంతు, బేరాల గొంతు. పట్టుచీర చిరిగిందని దేవుడి ముందుకు గోనెపట్టా చుట్టుకుని పోతామా? ఆమె మనసు నాకు అర్థమైంది.  గొంతు పోతే నిలబడే చోటు పోతుందని ఆమె ముందే చెప్పింది. ప్రాణం దక్కింది, చోటు పోయింది.

అప్పుడు అయ్యగారు కృతజ్ఞతా కూడిక మాట ఎత్తాడు. జబ్బు నుంచి లేచిన వాళ్లు సంఘం ముందు నిలబడి, తమ నోటితో తాము సాక్ష్యం చెప్పి దేవుణ్ణి మహిమపరచాలి. అది మా వాళ్ల కట్టుబాటు. ఆయన అంగడి దగ్గరికొచ్చి బెంచీ మీద కూర్చుని, కలర్ సోడా తాగుతూ చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన ఖర్మ.

"నోరు తీసేసిన మనిషిని పిలిచి నోటితో సాక్ష్యం చెప్పమంటారా అయ్యగారూ?"

"అమ్మ చెప్పలేదని తెలుసు గదమ్మా. ఆమె బదులు నువ్వు చెప్పు. చదువుకున్నదానివి."

"నేను చెబితే ఉన్నదే చెబుతాను. దేవుడు ప్రాణం ఇచ్చినాడు, పాట తీసుకున్నాడు, మా వదిన ఆయన మీద అలిగింది, అలగడంలో న్యాయం ఉండాది అని చెబుతాను. పరవాలేదా?"

అయ్యగారు సోడా సీసా కింద పెట్టాడు. నవ్వుతాడో కోప్పడతాడో తెలియలేదు. "చెప్పమ్మా," అన్నాడు. "కీర్తనలు రాసిన వాళ్లు కూడా అంతకన్నా తక్కువేం అనలేదు."

వదిన మిషన్ అందుకుని గడ్డం కింద పెట్టింది. "ఇది ఏమేమి వాగుతాదో," అంది గరగరమని, "పక్కన నేను లేకపోతే ఎట్ట? నేనూ వస్తా."

ఆమెను మళ్లీ మందిరానికి కదిలించింది భక్తి కాదు, నా నోటి మీద ఆమెకున్న భయం. దేవుడు దేన్నయినా వాడుకుంటాడంటారు. నా నోటిని వాడుకున్నాడంటే ఆయనకు ఇబ్బంది ఎక్కువే అయ్యుంటుంది.

ఆ ఆదివారం గాలి తూర్పు నుంచి వీస్తోంది. తలుపులు తెరిచి ఉన్నాయి. నీళ్ల మీద ఎండ చూడలేనంత తెల్లగా ఉంది. వదిన తల నిండా ముసుగేసుకుని, చెప్పుల దగ్గర, ఆఖరి చాప మీద కూర్చోబోయింది. చేపలమ్మే పెద్దామె వెనక్కి తిరిగి చూసి గట్టిగా అంది:

"ఆడెందుకు కూసుంటావు మే? నీ జాగా ఈడ ఖాళీగా ఉంటే!"

నిజంగానే ఖాళీగా ఉంది. ఆడవాళ్ల వైపు, ముందు వరసలో, కిటికీ పక్కన. ఇన్నాళ్లూ అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఎవరూ కావాలని వదల్లేదు కూడా. అడిగితే వాళ్లకే తెలియదు. వదిన లేచి పోయి అక్కడ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను, చెప్పబోయే సాక్ష్యం మనసులో పదును పెట్టుకుంటూ.

అయ్యగారు ప్రార్థన చేశాడు. "పాట పాడుకుందాం," అని కళ్లు మూసుకున్నాడు.

ఎవరూ పాడలేదు.

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. ఇన్ని నెలలుగా పాట ఎత్తుతున్నది అయ్యగారే. ఆయన కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాడు. మగవాళ్లు తలలు వంచుకుని ఎదురు చూస్తున్నారు. ఆడవాళ్లు చెంగులు సర్దుకుని ఎదురు చూస్తున్నారు. ఆమెను ఆమె చోట చూశారు, అంతే, మధ్యలో జరిగినదంతా వాళ్ల ఒళ్లు మరిచిపోయింది. గొంతు లేని మనిషి పాట ఎత్తుతుందని ఊరు ఊరంతా కూర్చుని ఉంది!

ముందు ఎవరో ఉలిక్కిపడ్డారు. చీర గరగర వినిపించింది. అయ్యగారు కళ్లు తెరిచాడు.  తప్పు అందరికీ ఒక్కసారిగా తెలిసింది, ఎలా సర్దుకోవాలో ఎవరికీ తెలియలేదు. నేను పాడదామని నోరు తెరిచాను. నా పాట ఎంత ఘోరమో మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు, అయినా తెరిచాను. వదిన చెయ్యి వచ్చి నా మోకాలి మీద పడింది. గట్టిగా అదిమింది. ఆ ఆసరాతోనే లేచి నిలబడింది.

ముసుగు సర్దుకుంది. సముద్రం వైపు తిరిగింది. గుండెల నిండా గాలి పీల్చింది. ఆ గాలి మెడ దగ్గరి గుడ్డను లోపలికి లాగడం నేను చూశాను. పెదాలు తెరిచింది.

పల్లవి ఎత్తింది.

శబ్దం లేదు. గుడ్డ వెనక నుంచి ఊపిరి మాత్రం, తడి ఇసుక మీద నుంచి అల వెనక్కి జారినట్టు, సన్నగా, పొడుగ్గా. పెదాలు ఒక్కో మాటనూ పూర్తిగా చేశాయి, ఏ అక్షరాన్నీ మింగలేదు. ఆమె ఎప్పుడూ సాగదీసే చోట సాగదీసింది. విరిచే చోట విరిచింది. కుడిచెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. మెడ నరాలు బిగుసుకున్నాయి, పై శృతికి ఎక్కేటప్పుడు ఎప్పుడూ బిగుసుకున్నట్టే. అక్కడికి ఎక్కడానికి లోపల ఏమీ లేదు, అయినా ఆమె ఎక్కింది.

ఎవరూ దగ్గలేదు. ఎవరూ అందుకోలేదు. జాలిపడి ఎవరూ మధ్యలో గొంతు కలపలేదు. పల్లవి ఎంత పొడుగుంటుందో అంతసేపూ ఆ రేకుల కప్పు కింద మనుషులంతా వింటూ కూర్చున్నారు. పద్ధతి అది. ఆమె ముగించేదాకా ఆగాలి.

ముగించింది. ఆ రెప్పపాటు ఖాళీ వచ్చింది.

తర్వాత పెద్దామె గొంతు లేచింది, పగిలిన కుండ లాంటి గొంతు. వదిన పెదాల మీద చదివిన పాటనే అందుకుంది. ముందు వరస ఆడవాళ్లు కలిశారు, వెనకవాళ్లు కలిశారు, మగవాళ్లు కలిశారు. శృతి ఇచ్చిన వాళ్లు లేరు. కీబోర్డు మీద వేలు పడలేదు. ఎవరికి అనువైన చోట వాళ్లు హాయిగా కింద పాడుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. వాళ్లు మాత్రం వదిన శృతిలోనే ఎత్తారు. ఆ ప్రాణాలు తీసే ఎత్తులోనే. ఆదివారం ఆదివారం తిట్టుకున్న ఆ ఎత్తుకే ముసలీముతకా అందరూ గొంతులు చీలుస్తూ, మెడలు చాచి, ఎక్కి నిలబడ్డారు. రేకులు అదిరాయి. నాకు పాట ఒక తాడులా కనబడింది. అందరూ పట్టుకుని వెనక్కి వాలారు, అవతలి కొసన ఎవరో ఉన్నారు. ఇన్నేళ్లుగా నేను ఉన్నాడా లేడా అని వాదించుకున్నవాడు అక్కడ, అంత దగ్గర్లో, తలుపు అవతలి ఎండ లాగా, చూడలేనంతగా ఉన్నాడు. నేను చాప మీద నుదురు ఆనించాను. ఎందుకో నాకు తెలియదు. నిటారుగా కూర్చోవడం తప్పనిపించింది.

పాట అయ్యాక అయ్యగారు నన్ను సాక్ష్యానికి పిలిచాడు. నేను లేచాను.

"ఇంకేం సాక్ష్యం అయ్యా?" అంది పెద్దామె కూర్చున్న చోటునుంచే. "అయిపోయింది గదా. కూసో మే."

కూర్చోమంటే నేను కూర్చోవడం మా సంఘం మొదటిసారి చూసింది.

మహిమపరచడం అంటే మన దగ్గరున్న గొప్పదేదో తీసుకుపోయి దేవుడికి అంటించడం అనుకునేదాన్ని. మంచి గొంతు, మంచి కానుక, పెద్ద సభ. అందుకే ఆ ఫ్లెక్సీలను చూసి నాకు అంత మంట. మా వదిన కూడా అలాగే అనుకుంది, పాపం. అందుకే ఏమీ లేదని అంగట్లో కూర్చుంది. ఆ రోజు ఆమె తీసుకుపోయింది ఊపిరి. అది కూడా ఆమెది కాదు. ఆయన ఊదినదే, అప్పు... కాదు, అప్పు అనే మాట తప్పు. ఆయన ఇంకా ఊదుతూనే ఉన్నాడు. ఆ గుడ్డ కదలడం నేను కళ్లారా చూశాను.

ఇసుకలో ఇంటికి నడుస్తుంటే వదిన మిషన్ తీసి గడ్డం కింద పెట్టింది. "నీ సాక్ష్యం మిగిలిపోయింది," అంది. "కాలేజీలో చెప్పుకో."

"వదినా, నిజం చెప్పు. అప్పుడు లోపల పాడినావా? ఊరికే పెదాలు కదిపినావా?"

ఆమె ఆగింది. మిషన్ దించి, పెదాలతోనే అడిగింది: "పాడినా. నీకు వినపడలేదా?"

వినపడిందనే చెప్పాను. అది నిజం.

ఆమె మళ్లీ అంగడి ఆదివారం తీయలేదు. పాట కూడా మళ్లీ ఎవరికీ అప్పగించలేదు. మొన్న సెలవులకు నేను పోయినప్పుడు నెల్లూరు నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని పెద్దమనిషి. అయ్యగారు "పాట పాడుకుందాం" అని కళ్లు మూసుకున్నాడు. మందిరం నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం చూసి ఆయన, పాపం ఈ ఊరివాళ్లకు పాట రాదనుకున్నాడో ఏమో, మైకు అందుకుని తానే గట్టిగా ఏదో మొదలుపెట్టాడు.

చేపలమ్మే పెద్దామె చెయ్యెత్తింది.

"అయ్యా, రవ్వంత గమ్మునుండు. పల్లవి అవతా ఉండాది."

ఆయన తెల్లబోయి చుట్టూ చూశాడు. కిటికీ పక్కన నిలబడి ఉన్న మా వదినను చూశాడు. మెడ దగ్గర గుడ్డ లోపలికీ బయటికీ కదలడం చూశాడు. మైకు దించి, చేతులు జోడించి, మాతో పాటు ఆగాడు.